గాలి కంపెనీ పొగ

మా కామెనికాలో పొద్దుగూకే వేళకి మేకలు ముందొస్తాయి, పొగలు వెనకొస్తాయి. పగలంతా ఎవరు ఎక్కడ ఏం కాల్చినా, ఆ పొగ చీకటి పడేలోపు తన మనిషిని వెతుక్కుంటూ వచ్చేస్తుంది. రాత్రంతా అక్కడే పడుకుని పొద్దున్నే ఎండతోపాటు లేచి పోతుంది. వంటింటి పొగలు చూరు కింద సర్దుకుంటాయి. ముసలి యూరె సిగరెట్టు పొగ అతని టోపీ మీదే కూర్చుంటుంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు మొదట్లో కిటికీలు మూసేస్తారు. తర్వాత వాళ్ళే తలుపు తీసి పట్టుకుంటారు.

ఊరందరికీ తలనొప్పి తెచ్చింది గాలి కంపెనీ పొగ ఒక్కటే.

కొండమీద ఆ కంపెనీ గాలిమరలు తిరుగుతుంటాయి. వాటి కరెంటంతా తీగలు పట్టుకుని సముద్రం ఒడ్డు హోటళ్ళకి పోతుంది. ఊళ్ళో ఆఫీసు చూసుకునేది జోర్కా. ఆమె మొగుడు ఫ్రానె మరల మీదికెక్కి రిపేర్లు చేస్తాడు. సాయంత్రమయ్యేసరికి ఆఫీసు పెరట్లో చర్చి అంత పొగ వచ్చి నిలబడేది. అందులో పట్టక పక్కనున్న ఆంజ కొట్టం మీదికి ఒరిగేది. ఆ కొట్టంలో ఆంజ పంది తొడలు వేలాడేస్తుంది. ఉప్పు పట్టించి, కట్టెల పొగ చూపించి, కొండమీంచి దూకే బుర గాలికి ఆరబెట్టి, ఏడాది తిరిగేసరికి పర్షుత్ చేస్తుంది. ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా బల్ల మీద ఆంజ పర్షుత్ ఉండాల్సిందే.

ఆ చలికాలం ఆంజ ఒక తొడని చంకనేసుకుని ఆఫీసులోకి వచ్చి జోర్కా బల్ల మీద పెట్టింది.

"వాసన చూడు."

జోర్కా చూసింది. ముక్కు మూసుకుంది.

"గాలి తప్ప మాకింకేం పని లేదన్నావు. మరి ఈ డీజిలు కంపు ఎవరిదే పిల్లా? యూరె టోపీదా? గోడవైపు వేలాడేసినవన్నీ పోయాయి."

"మాదే అత్తా. ఏదో ఒకటి చేస్తాం."

"ఏదో ఒకటి నాకొద్దు. కొండ ఊరిది. వచ్చే మార్టిన్ పండక్కి, కొత్త వైను తీసే వేళకి, మీ కౌలు అయిపోతుంది. ఆ సాయంత్రం మీ పొగ మొత్తం నా కొట్టం గుమ్మంలో పట్టాలి. పట్టిందా, ఉండండి. పట్టలేదా, మరలు విప్పుకుని పొండి. ఆ రోజు పని మానేసి నన్ను బురిడీ కొట్టించాలని చూడకు. మరలన్నీ తిరగాలి, మీవాళ్ళందరూ పనిలో ఉండాలి."

ఊరందరికీ అత్త అయిన ఆంజ మాటంటే ఊరి మాట. ఆ గుమ్మం చూస్తే, పొట్టిదైన ఆంజ కూడా తల వంచుకుని దూరాలి.

ఇంట్లో ఫ్రానె సూపు తాగుతూ విన్నాడు. "మరలు పోతే నేనూ పోవాలి. ఐర్లాండులో అన్నయ్య రమ్మంటూనే ఉన్నాడు. ఇక్కడ రాళ్ళు నమిలి బతకలేం కదా" అన్నాడు. ఐర్లాండు వెళ్ళినవాళ్ళు మొదటి ఏడు ఈస్టరుకి వస్తారు, ఆ తర్వాత ఫోన్లో వస్తారు. వీధిలో సగం ఇళ్ళకి తాళాలు అందుకే. జోర్కాకి ఫోన్లో మొగుడు అక్కర్లేదు.

రాజధాని జాగ్రెబులో ఉండే డైరెక్టరు క్రెషిమిర్‌కి ఫోన్ చేసింది.

"మనది పచ్చటి కంపెనీ జోర్కా. మనకి పొగేమిటి?"

"చర్చి అంత ఉంది సార్."

వారం తిరక్కుండా అద్దం కట్టించిన సర్టిఫికెట్ ఒకటి వచ్చింది. ఎక్కడో వేరే ఖండంలో కంపెనీ పేరు మీద చెట్లు నాటించారట, అవి మన పొగ పీల్చేస్తాయట, అంచేత లెక్క సరిపోయిందట. జోర్కా దాన్ని పెరట్లోకి పట్టుకెళ్ళి పొగకి చదివి వినిపించింది. పొగ బుద్ధిగా విని, ఉన్నచోటే ఉంది.

"దానికి ఇంగ్లీషు రాదేమో, మన భాషలో చెప్పి చూడు" అన్నాడు ఫ్రానె.

మన భాషలోనూ చెప్పింది. ఊహూఁ.

దాంతో జోర్కా మొహానికి గుడ్డ కట్టుకుని పొగలోకే నడిచింది. వాసన పట్టుకుని ఏది ఎక్కణ్ణించి వచ్చిందో విడదీసింది. ముందువైపు వ్యాన్లది. నడిమధ్య జనరేటరుది. అదే ఆమెని సిగ్గుతో చంపింది. ఊరి మీదుగా అంత కరెంటు పోతుంటే, కంపెనీ తన ఆఫీసుకి తీగ లాక్కోవడం మర్చిపోయి జనరేటరు మీద నెట్టుకొస్తోంది. వెనకవైపు గొంతులో గరగరలాడేది సిమెంటుది. కొత్త పునాదుల కోసం తెప్పిస్తున్నారు. జోర్కా ఫ్యాక్టరీకి ఫోన్ చేసి కోప్పడింది.

"మీ పొగ మా పెరట్లో ఉంది."

"ఆర్డరిచ్చింది మీరే కదమ్మా" అన్నాడు అవతలాయన. "ఇక్కడుండవే అంటే వింటేనా? మీదని తెలిసి కొండ దాటి వచ్చేసింది."

అన్నింటికీ పైన, సన్నగా, చల్లగా, విమానంలో ఇచ్చే కాఫీ వాసనేస్తూ ఇంకోటి తేలుతోంది. అది డైరెక్టరుది. జాగ్రెబులో పొగని పట్టించుకునే నాథుడు లేడు కాబట్టి అదీ ఇక్కడికే వస్తోంది.

ఎక్కడ మొదలెట్టాలో తెలిసింది. మొదట వ్యాన్ల పని పట్టింది. కుర్రాళ్ళు స్పానరు మర్చిపోయామని ఒకసారి, సిగరెట్లకని ఒకసారి వ్యానులో దిగి మళ్ళీ ఎక్కేవాళ్ళు. మర్చిపోయినవాడు నడిచి దిగాలని జోర్కా రూలు పెట్టింది. ఆ రూలుకి మొదట చిక్కింది ఫ్రానెనే. కొండ దిగుతూ అతను ఏ సెయింటునీ వదలకుండా తిట్టాడు. ఆ తర్వాత ఎవరూ ఏదీ మర్చిపోలేదు. ఎండాకాలానికి ఆఫీసుకి తీగ పడింది, జనరేటరులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. డీజిలు వ్యాన్లు పోయి, మరల కిందే చార్జింగు పెట్టుకునే వ్యాన్లు వచ్చాయి. పళ్ళు అరిగిన గేరుపెట్టెని పారేసి సముద్రాల అవతలినుంచి కొత్తది తెప్పించే బదులు, స్ప్లిట్‌లో ఓడలు బాగుచేసేవాళ్ళ లేతు మీద కొత్త పళ్ళు కోయించారు. పాత పునాదులు తవ్వి చూస్తే కొత్త మరల్ని మోసేంత గట్టిగా ఉన్నాయి. సిమెంటు ఆర్డరు రద్దు చేశారు.

చర్చి కాస్తా గడ్డివాము అయింది. గడ్డివాము గాడిద అయింది. అక్కడ ఆగిపోయింది. ఆంజ గుమ్మంలో గాడిద పట్టదు.

"సార్, మీరు విమానాలు మానెయ్యాలి" అంది జోర్కా ఫోన్లో.

"అంటే బస్సులో తిరగమంటావా?"

"తిరగొద్దంటున్నాను. మీటింగుల్లో మాట్లాడేదేదో ఫోన్లోనే మాట్లాడండి."

"ఈ ఉద్యోగం నీకిచ్చింది నేను, గుర్తుందా?"

"గుర్తుంది సార్. అది ఉండాలనే చెప్తున్నాను."

ఆయన ఫోన్ పెట్టేశాడు. పండక్కి తప్పకుండా వస్తున్నానని మర్నాడు కబురొచ్చింది. జోర్కా తల పట్టుకుంది. ఆయన విమానమెక్కి వస్తే గాడిద మళ్ళీ చర్చి అవుతుంది.

మార్టిన్ పండగ రోజు బుర మొదలైంది. మరలు దుమ్ము లేపుతున్నాయి. కొత్త వైను తీశారు. ఆంజ ఊరందరికీ చెస్ట్‌నట్‌లు కాల్చింది. అందరూ కొట్టం చుట్టూ మూగారు. మేకలొచ్చాయి, ఇళ్ళ పొగలొచ్చాయి, యూరె పొగ టోపీ ఎక్కింది. కంపెనీది మాత్రం రాలేదు. జోర్కా కొండదారి వైపే చూస్తోంది.

మలుపులో బస్సు ఆగింది. నలిగిన కోటుతో, ఘాటు రోడ్డుకి కక్కుకుని పాలిపోయిన మొహంతో డైరెక్టరు దిగాడు. వెనకే ఆయన పొగ దిగింది. బస్సులో అందరి వాటా పోగా మిగిలిన చిన్న పాయ.

"విమానంలో వస్తారనుకున్నాను సార్" అంది జోర్కా.

"ఎక్కబోయాను. నువ్వన్న మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. ఇంతకీ నా పొగేది, చూడనీ."

అప్పుడొచ్చింది కంపెనీ పొగ, కొండదారినే, ఒక బలిసిన మేకపోతంత. డైరెక్టరు పాయ వెళ్ళి అందులో కలిసింది. గుమ్మం దగ్గర అది ఆగింది. పొగ తల వంచింది. ద్వారబంధానికి అటూ ఇటూ తగలకుండా లోపలికి వెళ్ళి ఒక మూల కూర్చుంది. దాని వెనకే చెస్ట్‌నట్‌లు కాల్చిన ఆంజ పొగ లోపలికి పోదామని చూసి గుమ్మంలో ఇరుక్కుంది.

"ఆంజా, లావు నీదే" అన్నాడు యూరె. ఊరంతా పగలబడి నవ్వింది.

ఆంజ లోపలికెళ్ళి తొడల్ని ఒక్కొక్కటీ వాసన చూసి వచ్చింది.

"పట్టింది. కానీ ఇంకా ఉంది."

"ఉంది అత్తా. వచ్చే ఏడు ఇంకా తగ్గిస్తాం."

ఆంజ ఆమెని పట్టించుకోలేదు. మొదటి పర్షుత్‌ని బల్ల మీదికి దించి, సన్నటి పొడుగు కత్తి చేతిలోకి తీసుకుని జనంలోకి చూసింది. వచ్చే చలికాలం కూడా ఊళ్ళోనే ఉండి ఉప్పు పట్టించడానికి చెయ్యేసే మగాడి చేతికే మా ఊళ్ళో ఆ కత్తి ఇస్తారు. రెండేళ్ళుగా ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వక, తనే కోసుకుంటోంది.

"ఫ్రానె, ఇలా రా."

ఫ్రానె చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళి కత్తి అందుకున్నాడు.

"చూస్తావేంరా, కొయ్. పల్చగా."

మొదటి ముక్క కోసి అతను జోర్కాకి ఇచ్చాడు. ఆమె అందరి ముందూ ఏడ్చేసింది, ఏడుస్తూనే తినేసింది.