గొడ్లశాల దోమలు, ఢిల్లీ మార్కులు

నేను ఒక గొట్టాన్ని. జానెడు గాజు, మూరెడు రబ్బరు, ఆ రెండూ కలిసే చోట చిన్న వలగుడ్డ ముక్క. ఇంతే నా ఒళ్లు. ఈ మాత్రానికి ఆత్మకథ ఒకటా అని మీరు మూతి విరవొచ్చు. పెద్దమనుషులు బోలెడంతమంది రాసుకున్నారు, అచ్చు వేయించుకున్నారు. వాళ్ల పుస్తకాల నిండా ఉన్నదీ గాలే, నా లోపల ఉన్నదీ గాలే. కాకపోతే నా గాలిలో అప్పుడప్పుడూ ఒక దోమ ఉంటుంది.

నా పని ఏమిటో చెబితే మీకు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. అయినా చెప్పాలి. రబ్బరు కొసను మనిషి నోట్లో పెట్టుకుంటాడు. గాజు కొసను గోడ మీద వాలిన దోమ దగ్గరికి మెల్లగా తెస్తాడు. ఒక్క పీల్పు. దోమ వచ్చి నా కడుపులో పడుతుంది. ఆ వలగుడ్డ అడ్డం లేకపోతే నేరుగా ఆయన కడుపులోకే పోతుంది. మలేరియా గురించి దేశంలో ఎన్ని ఉపన్యాసాలు పుట్టినా, వాటన్నిటికీ ముందు ఎక్కడో ఒక మనిషి ఇలా నోటితో దోమను పీల్చి ఉండాలి. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లకు ఆ సంగతి గుర్తుండదు. గుర్తుంటే మైకు దగ్గర నోరు తెరవడానికి కొంచెం జంకేవారు.

నేను పుట్టింది అంబాలాలో. నాతోపాటు ఒకే కొలిమిలో పుట్టిన గాజు గొట్టాలన్నీ కాలేజీ లాబులకు వెళ్లి, తెల్లకోటు పిల్లల చేతుల్లో పగిలి పుణ్యలోకాలకు పోయాయి. నన్ను మాత్రం గడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టి, విశాఖ మన్యం కింద ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న చిన్న పరిశోధన కేంద్రానికి పంపారు. కేంద్రం అంటే రెండు గదులు, ఒక సూక్ష్మదర్శిని, నడవని జీపు, నడిచే చిన్నంనాయుడు.

లోలుగు చిన్నంనాయుడు ఉద్యోగం దోమలు పట్టడం. పెళ్లిచూపుల్లో ఆ మాట చెప్పలేక సైంటిస్టునని చెప్పుకున్నాడట. పొద్దు వాలగానే నన్ను జేబులో వేసుకుని, టార్చి పట్టుకుని కొండ ఎక్కేవాడు. కోడిగుమ్మి అనే ఊరికి చేరి, తిన్నగా గొడ్లశాలలో దూరేవాడు. సాయంకాలం గొడ్లశాలలో దోమలు పట్టాలి అని ఆయనకు పైనుంచి ఎప్పుడో చెప్పారు. ఇళ్లలోనూ పట్టమన్నారు గానీ, ఇంట్లోకి వెళ్లాలంటే చెప్పులు విప్పాలి, ఎవరినో పిలవాలి, వాళ్లు లోపలినుంచి పలకాలి. గేదెకైతే ఆ మర్యాదలేమీ అక్కర్లేదు.

“ఏటి నాయుడు బావా, పొద్దోయిందంటే మా గేది కాడికి ఒచ్చేత్తావు? సుట్టరికం ఏటైనా కలిసిందా ఏటి?” అని ఊళ్లో మిగిలిన ముసలాళ్లు ఆటపట్టించేవారు.

“కలిసింది మావా. మీకన్నా ఇదే నయం. ఎందుకొచ్చావని ఒక్కనాడూ అడగదు,” అనేవాడు నాయుడు, నన్ను నోట్లోంచి తీసి.

అలా ఏళ్ల తరబడి నా కడుపు నిండా గొడ్లశాల దోమలే. వాటి పొట్టలోని రక్తం ఎవరిదో తేల్చే పరీక్ష ఒకటుంది. చేస్తే ఎప్పుడూ పశువుల రక్తమే. ఆ లెక్కల మీదే విశ్వపతిగారు ఇంత లావు పుస్తకం రాశారు. ఆయన విశ్వవిద్యాలయంలో దోమల ప్రొఫెసరు. మన్యం దోమకు పశువంటేనే ప్రీతి, మనిషి జోలికి పెద్దగా పోదు అని తేల్చారు. ఆ పుస్తకానికి శాలువాలు కప్పారు. మరి మన్యంలో మనుషులకు అంత జ్వరం ఎలా వస్తోంది అని మాత్రం ఎవరూ అడగలేదు. సన్మాన సభలో అలాంటి ప్రశ్నలు ఎవరు వేస్తారు!

నాయుడు రిటైరైన రోజున నన్ను కొత్తగా వచ్చిన డాక్టర్ హైమవతి చేతిలో పెట్టాడు. ఆవిడది నర్సీపట్నం. విశ్వపతిగారి దగ్గరే చదువుకుంది.

“అమ్మా, రబ్బరు మార్చుకో. అది నా నోట్లో ఒక కాపురం చేసింది. గాజు మాత్రం మార్చకు, మంచి హస్తవాసి,” అన్నాడు.

హైమవతికి గొడ్లశాలలో దూరడం కన్నా తలుపు తట్టడమే అలవాటు. మొదటి వానల్లోనే కోడిగుమ్మి వెళ్లి, కిల్లో సోనాయి ఇంటి ముందు నిలబడింది. సోనాయి అప్పుడే ఊరికి పైనున్న కొండ మీదినుంచి ఉప్పు కోసం దిగి వచ్చింది.

“ఇంట్లో దోమలున్నాయేమో చూస్తానమ్మా,” అంది హైమవతి.

“సూడు. కానీ ఇంట్లో మనుసులే నేకపోతే దోమలేటి సేత్తాయి తల్లీ?”

“అదేంటి, అందరూ ఎక్కడికెళ్లారు?”

“సేను కాడ. వానలు పడినకాడ్నించి కోతలయ్యీదాకా అక్కడే గుడిసెల్లో పండుకుంతాం. నేకపోతే పందులు దున్నీవా? ఊళ్లో ఉండీది ముసిలోలు, గొడ్లు.”

హైమవతి చేతిలోని నన్నూ, ఎదురుగా ఉన్న ఖాళీ ఇంటినీ మార్చి మార్చి చూసింది. నాకు నోరుంటే నేనే నవ్వేవాణ్ని. జ్వరాల కాలంలో ఊరంతా కొండ మీద ఉంటే, మేము కింద కూర్చుని, మిగిలిన గేదెలను కుట్టిన దోమలను పట్టి, ఆహా, దీనికి గేదె అంటే ఎంత ప్రేమో అని రాసుకున్నాం. పెళ్లివారంతా ఊరేగింపులో వీధులు తిరుగుతుంటే, ఖాళీ పందిట్లో వంటవాణ్ని చూసి ఇతనే పెళ్లికొడుకు అని తేల్చినట్టు.

సోనాయి ఉప్పు మూట కట్టుకుంటూ అడిగింది. “సదువుకున్నదానివి. ఒకమాట సెప్పు. మాకు ప్రెతేడూ సలిజొరం ఎందుకొత్తాది? పోయినేడు మా సెంద్రిని డోలీ కట్టి దింపినాం. తెలివి తప్పిపోనాది. ఇంకోపాలి ఒస్తే పిల్ల దక్కదని పెద్దాసుపత్రి డాకటేరు సెప్పినాడు. నాకది ఒక్కతే.”

“తెలుసుకుని చెబుతాను,” అంది హైమవతి. ఆ మాట తేలిగ్గానే అంది. కానీ అప్పటినుంచి ఆవిడకు నిద్ర లేదు, నాకు తీరిక లేదు.

ఆ వానాకాలం అంతా చేల దగ్గరి గుడిసెల్లోనే మా పని. జల్లు కొడుతుంటే గోనెసంచి కప్పుకుని, తాటాకు సందుల్లో వాలిన దోమలను ఆవిడ పీల్చేది. పరీక్ష చేస్తే ఆ పొట్టల నిండా మనిషి రక్తం. కానీ ఒక్క ఊళ్లో, ఒక్క కాలంలో, ఒక్క గొట్టంతో పట్టిన దోమలను చూసి ఏ ప్రభుత్వమూ కదలదు. మన్యమంతా వెతకాలి. దానికి మనుషులు కావాలి, డబ్బు కావాలి. ఆ డబ్బు కావాలంటే, మలేరియా మీద దేశం ముందుగా ఏ ప్రశ్నలకు జవాబు వెతకాలో తేల్చే సభలో మా ప్రశ్న నెగ్గాలి. ఆ సభ ఢిల్లీలో. అలా నేను విమానం ఎక్కాను. గేటు దగ్గర నన్ను తీసి, ఇదేమిటని అడిగారు. హైమవతి నోట్లో పెట్టుకుని చూపించింది. వెంటనే వదిలేశారు.

ఆ సభ గురించి ఏం చెప్పను! పెద్ద హోటలు, చల్లటి గది, ఒక్క దోమ లేదు. ఒక్కో ప్రశ్నకూ సభ్యులందరూ మార్కులు వేయాలి. ఎంతమందికి పనికొస్తుంది, చేయడం వీలవుతుందా, కొత్తదేనా అని చూసి వేయాలి. పద్ధతి బంగారంలాంటిదే. మనుషులే ఇత్తడి. టీకా ఆయన టీకాకు నిండుగా వేసుకున్నాడు. డ్రోన్ల ఆయన డ్రోన్లకు వేసుకున్నాడు. దోమ జన్యువుల ఆవిడ జన్యువులకు వేసుకుని, పక్కాయన తనకూ వేస్తానంటే ఆయనకూ వేసింది. టీ వచ్చినప్పుడు మాత్రం అందరూ ఒకే మాట మీద ఉన్నారు.

మా ప్రశ్న వంతు వచ్చింది. కొండ ప్రాంతాల వాళ్లను దోమ ఎక్కడ కుడుతోంది? ఛైర్మన్ ఇంగ్లీషులో అడిగాడు, నేను తెలుగులో చెబుతున్నాను. “ఇందులో కొత్త ఏముంది? విశ్వపతిగారి పుస్తకంలో ఉందిగా?”

ముందు వరసలో కూర్చున్న విశ్వపతిగారు తల ఊపారు. “ఆ ప్రాంతంలో దోమలన్నీ గొడ్లశాలల్లోనే దొరికాయి. తేలిపోయిన విషయం. ఈ అమ్మాయి నా శిష్యురాలే. ఉత్సాహవంతురాలు.”

ఆ ఉత్సాహవంతురాలు అన్న మాటకు అర్థం ఏమిటో ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు. హైమవతి లేచి నిలబడింది. నన్ను పైకెత్తి చూపించింది.

“గొడ్లశాలల్లోనే దొరికాయి సార్, మేం గొడ్లశాలల్లోనే వెతికాం గనక. ఆ నెలల్లో మనుషులు ఊళ్లోనే ఉండరు. కొండ మీద చేల దగ్గర పడుకుంటారు. గుడిసెల్లో ఈ గొట్టంతో పట్టాను. అన్నిటి పొట్టలోనూ మనిషి రక్తమే.”

డ్రోన్ల ఆయన బిస్కెట్టు నమలడం ఆపాడు. మొదట నవ్వింది జన్యువుల ఆవిడ. తరవాత ఛైర్మన్ గొంతు సవరించుకుని భోజనాలకు లేవమన్నాడు. ఇబ్బంది పుట్టినప్పుడు భోజనానికి లేవడం చదువుకున్నవాళ్ల ఆచారం.

బయట మెట్ల దగ్గర విశ్వపతిగారు తెలుగులోకి దిగారు. “నా పుస్తకమంతా గంగలో కలిపేశావు కదే హైమా.”

“అంతా కాదు మేష్టారూ. గేదెల గురించి మీరు రాసిందంతా నిజమే.”

ఆయన ఆవిడ వంక చూశారు. నా వంక చూశారు. చెయ్యి చాపి నన్ను తీసుకుని, అటూ ఇటూ తిప్పారు. దోమల మీద అంత లావు పుస్తకం రాసిన మనిషి నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. “ఆ పిల్ల ఎవరన్నావు, పొద్దున్న చెప్పావే?”

“చంద్రి. మళ్లీ జ్వరం వస్తే దక్కదు. ఇప్పుడు కడుపుతో ఉంది.”

ఆయన నన్ను తిరిగి ఆవిడ చేతిలో పెట్టి భోజనానికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం సభ మొదలవగానే లేచి, గంభీరంగా అన్నారు. “మనిషి పడుకునే చోటునే దోమను వెతకాలని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను.” ఏ మొదటినుంచో ఎవరూ అడగలేదు. పెద్దాయన అన్నారు గనక అందరూ మార్కులు గుమ్మరించారు. మా ప్రశ్న టీకా వెనకా, డ్రోన్ల ముందూ నిలబడింది. హైమవతి పెదవి కొరుక్కుంది. కోపమో నవ్వో నాకు తెలియలేదు. తరవాత గట్టిగా చప్పట్లు కొట్టింది. నన్ను చంకలో పెట్టుకుని మరీ కొట్టింది.

మళ్లీ వానలు వచ్చాయి. డబ్బు ఇంకా రాలేదు, వస్తోందన్నారు. మాట ఇచ్చింది గనక హైమవతి ఆగలేక కొండ ఎక్కింది. గుడిసె ముందు సోనాయి అంబలి కాస్తోంది. చంద్రి నిండు కడుపుతో, గోడకు చేరబడి కూర్చుంది. పొద్దు వాలుతోంది.

“మీకు జ్వరం తెచ్చే దోమ ఇక్కడుంది సోనాయమ్మా. ఇంట్లో కాదు, ఈ గుడిసెలో. ఢిల్లీలో కూడా ఒప్పుకున్నారు.”

“మేం ఇంట్లో నేమని తెలీడానికి డిల్లీ దాకా ఎల్లాలా తల్లీ?” అంది సోనాయి గరిట తిప్పుతూ.

హైమవతి గుడిసెలోకి తొంగి చూసింది. “మీకు దోమతెర ఇచ్చారు కదా? ఏదీ?”

“ఇంటికాడ కట్టినాం.”

“ఇంటి దగ్గరా! అక్కడెవరు పడుకుంటున్నారు?”

“ఎవులూ నేరు. మందు తెర ఇంట్లోనే కట్టి ఉండాలంట. సారొకాయన ఒచ్చి సూసుకుంతాడు. నేకపోతే పేరు కొట్టేత్తాడు. మల్లీ ఇవ్వరు. అందుకే భద్రంగా కట్టినాం. కింద సోళ్లు పోసినాం.”

హైమవతి నుదురు కొట్టుకుంది. దేశం మొత్తాన్ని ఒప్పించి వచ్చిన మనిషి, పొయ్యి పక్కన కూలబడిపోయింది. మనుషులకు జ్వరం, చోళ్లకు, అంటే రాగులకు, దోమతెర. నేను ఇన్నేళ్లుగా దోమలను దగ్గరగా చూస్తున్నాను. అవి ఎంత తెలివితక్కువవైనా, మనిషి లేని ఇంట్లో మనిషి కోసం కూర్చోవు.

“ఇప్పుడే దిగి తెచ్చుకోండి. ఇక్కడ కట్టండి. ఎవరైనా పేరు కొట్టేస్తే నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను.”

“గట్టిగా మాటాడతావా?”

“ఢిల్లీలో మాట్లాడానమ్మా. ఆ సారు ఒక లెక్కా?”

సోనాయి ఆవిడను ఎగాదిగా చూసి, నమ్మినట్టుంది, అంబలి దించి కొండ దిగింది. కింద మసక కమ్ముకునే వేళకి తెరను నెత్తిన పెట్టుకుని వచ్చింది. దాని మడతల్లోంచి చోళ్లు రాలుతున్నాయి. తలో చెయ్యీ వేసి నాలుగు గుంజలకు కట్టారు. చంద్రి వంగి, కడుపు మీద చెయ్యి వేసుకుని, లోపలికి దూరింది. హైమవతి నన్ను నోట్లో పెట్టుకుని బయట కాపు కాసింది. దోమలు వచ్చి తెర మీద వాలుతున్నాయి. ఒక్కొక్కదాన్నే లాగుతోంది.

లోపలినుంచి చంద్రి గొంతు వినిపించింది. “అమ్మా, గాలాడ్డం నేదే. ఉక్క పోత్తంది.”

“ఉక్కే గదా, సలి కాదు గదా,” అంది సోనాయి తెర అంచును చాప కిందికి దోపుతూ. “నోర్మూసుకుని పండుకో.”