దాహపు పసుపు

ఎర్గాష్ నోటివెంట మాట వచ్చేదాకా ఆ కొండమీద అక్రోటు కాయ ఒక్కటి కూడా రాల్చకూడదు, పగలగొట్టి చూడకూడదు. ఆకు రంగు చూసి కొండ తెరిచే రోజు చెప్పడం అతని తాత పని, తండ్రి పని, ఇప్పుడు అతని పని. ఆ మాట విన్నాక ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలేసి, పిండి మూటలతో, టీ కెటిళ్లతో అడవిలోకి కాపురం మార్చేస్తుంది. మధ్య ఆసియాలో ఫెర్గానా లోయ పైనున్న ఆ ఊరికి చలికాలపు రొట్టె ఆ కాయలమీదే.

ఈ ఏడు మే నెల తర్వాత చినుకు లేదు. ఎండలు మాడ్చేశాయి. ఆగస్టు పూర్తికాకుండానే కింది వాలు చెట్లు పసుపెక్కాయి. జనం అతని మొహంలోకి చూడటం మొదలుపెట్టారు. ఎర్గాష్ ఒక ఆకు పట్టుకుని లాగాడు. చలికి పండిన ఆకు చెయ్యి తగిలితే చాలు, ఊడి వచ్చేస్తుంది. ఇది కొమ్మను వదల్లేదు. అంచులు అప్పడంలా పెళుసుబారి ఉన్నాయి. అనుమానం వచ్చింది. కానీ "నాకు తెలియదు" అనే మాట ఆ ఇంట్లో మగవాళ్లెవరూ అని ఎరుగరు. మసీదు ముందు నిలబడి, "రేపు ఎక్కండి" అనేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి కింది వాలంతా కర్రలతో కొట్టి దులిపేశారు. కాయల పైతొక్క ఊడి రావడం లేదు. చెట్లెక్కడంలో ఊళ్లో సాటిలేని సోబిర్ కొమ్మమీంచి కేకేశాడు.

"పెదనాన్నా, ఈ కాయలు మా ఇంటికొచ్చిన అత్తగారిలా ఉన్నాయి. ఎంత ఊపినా కదలటం లేదు."

అందరూ నవ్వారు. ఎర్గాష్ చెట్టు చాటుకెళ్లి ఒక కాయను రాయితో కొట్టాడు. లోపల పప్పు ముడుచుకుపోయి ఉంది. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దొంగలా పెంకుల్ని ఆకులకింద కప్పేశాడు.

పై వాలు చెట్లకు ఊట నీరు అందుతుంది. అవింకా పచ్చగానే ఉన్నాయి. కొన్నాళ్లు ఆగితే వాటి పప్పు నిండుతుంది. కానీ ఒకసారి కొండ తెరిచాక ఏ చెట్టునూ వదలరు. టీ తాగి జనం అటే బయల్దేరుతున్నారు. ఆపాలంటే తప్పు ఒప్పుకోవాలి.

జుమ్రాద్ వచ్చి అతని చేతిలో రొట్టె పెట్టింది. మొగుడు పోయిన మనిషి. ఆమె వాటా చెట్లన్నీ పై వాలులోనే ఉన్నాయి.

"తినండి మావయ్యా. పొద్దుట్నించీ మీ మొహం వాడిపోయింది."

రొట్టెను పక్కనున్న రాతిమీద పెట్టేశాడు. ఎర్గాష్ లేచి నిలబడ్డాడు.

"ఆగండి. పైకి పోకండి. అది చలికొచ్చిన పసుపు కాదు, దాహానికొచ్చిన పసుపు. ఆకు పట్టుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. చెప్పడానికి నామోషీ అయింది. మీ నోటికాడ కూడు నేనే తీశాను. తిట్టండి."

ఎవరూ తిట్టలేదు. సోబిర్ చేతిలో కర్ర కింద పెట్టి నేల చూపులు చూశాడు.

"మాకూ తెలుసు మావయ్యా," అంది జుమ్రాద్ మెల్లగా.

"ఏం తెలుసు?"

"కళ్లు అందరికీ ఉన్నాయిగా. ఆకు మేమూ చూశాం. కాయ ఇంకా ముదర్లేదని నిన్ననే అనుకున్నాం. ఎదురు చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని నోరెత్తలేదు."

తిట్టి ఉంటే తల వంచుకుని పడేవాడు. తన పరువు పోకూడదని ఊరంతా తెలిసి తెలిసి చలికాలపు తిండిని నేలరాల్చుకుంది. అంత పరువు మోస్తూ ఇన్నేళ్లు వీళ్ల మధ్య తిరిగినందుకు ఎర్గాష్ రెండు చేతులతో మొహం కప్పుకుని అందరి ముందూ ఏడ్చాడు.