గట్టమ్మ అడుగుల లెక్క

వీరయ్యకు గట్టమ్మ మీద పీకల దాకా కోపం. కళ్లు కనిపించని ముసలిది, పోసిన గంజి తాగి ఓ మూల కూర్చోవాలి కదా. ఈమె అట్లా కాదు. ఒక ఇంట్లో తిని, ఆ ఇంటి వంట సంగతి మర్నాడు ఇంకో ఇంట్లో విప్పేది.

దొర గడీకి తాళం వేసి హన్మకొండకు పారిపోయిన ఏడాది అది. దిక్కులేని ముసలివాళ్లు పస్తులు ఉండొద్దని ఊళ్లో సంఘం వాళ్లు ఇంటికో రోజు వంతు వేశారు. గట్టమ్మకు బేస్తవారం వీరయ్య ఇల్లు వచ్చింది.

"వీరన్న ఇంట్ల జొన్న గట్క ఎట్లుందే అవ్వా?" అని శుక్రవారం వంతు పెట్టే ముత్తమ్మ అడిగింది.

"మంచిగనే ఉంది బిడ్డా. చెయ్యి మణికట్టు దాక మునిగింది గని, ఒక్క గింజ తగల్లే."

ఆ మాట తొర్రూరు సంత దాకా పోయింది. ఏడాదిగా మాటల్లేని అత్తాకోడళ్లు కూడా దాని మీద కలిసి నవ్వుకున్నారు. వీరయ్యకు అది మరీ మంట.

మళ్లీ వంతు వచ్చేసరికి ఉపాయం పన్నాడు.

"అవ్వా, రేపు నేను చేను కాడ ఉంట. సద్ది ఆడనే. నువ్వే రావాలె."

ముసలిది అంత దూరం ఎట్లా వస్తుంది? వంతు తప్పింది ఆమేనని సంఘానికి చెప్పొచ్చు. కంచె సంగతి గుర్తుకు రాకపోలేదు. ఊరంతా దొర భూముల గొడవలో మునిగి ఉండగా, పశువులు మేసే బంచరాయిలోకి అతను కంచె జరిపి జొన్న వేశాడు. అయితే మాత్రం, కళ్లు లేనిదానికి కంచె ఎక్కడుంటే ఏం?

"గంతేనా. వస్త తియ్యి," అంది గట్టమ్మ.

ముప్పై ఏళ్లు దొర పొలాలకు వెట్టికి నడిచిన కాళ్లు అవి. మైసమ్మ రాయి నుంచి వీరయ్య హద్దుకు నూటిరవై అడుగులు. నూరో అడుగుకే కంప గుచ్చుకుంది. ఆమె అక్కడే చతికిలబడింది.

"ఎవరన్న ఉన్నరా? వీరయ్య కంచె నాకు ఎదురొచ్చింది. మైసమ్మ రాయి నుంచి నూటిరువై అడుగులకు ఉండాలె, నూరుకే తగిలింది."

కలుపు తీసేవాళ్లు, పశువులు కాసేవాళ్లు చేరారు. సంఘం యాకయ్య కూడా వచ్చాడు.

"అవి ముసలిదాని అడుగులన్నా," అన్నాడు వీరయ్య. "ఆకలైతే పెద్దగ పడ్తయి."

"నీ వంతు నాడు ఆకలి గాక ఏముంటది బిడ్డా. కంప తియ్యుండ్రి, ఇంకో ఇరువై ఏస్త."

జొన్నలోకి నడిచింది. ఇరవయ్యో అడుగున ఆగి, కట్టెతో పెంటకుప్పను పొడిచింది. లోపల రాయి ఠంగుమంది. హద్దురాయి పీకితే వంశం నిలవదని భయపడి, వీరయ్య దాన్ని పీకకుండా పెంట పోసి కప్పాడు.

"పెద్ద దొర పాయె, చిన్న దొర పుట్టె," అన్నాడు యాకయ్య.

"పంట నేనేసిన గదన్నా."

"ఏసినవు," అంది ముత్తమ్మ. "ముసలోళ్లకు ఏడాది గట్క. గింజ తగిలే గట్క."

కోతనాడు ఊరంతా వచ్చింది. వీరయ్య చేతికీ కొడవలి ఇచ్చారు. మధ్యాహ్నం సద్దికి అతన్ని గట్టమ్మ పక్కనే కూర్చోబెట్టారు. "కడుపు నిండ తిను బిడ్డా," అంది ఆమె, "నీ చేనుదే."

ఒక్క పూట సద్ది ఎగ్గొట్టబోయి వీరయ్య పోగొట్టుకున్నది, తాడు పట్టి కొలిస్తే, సరిగ్గా ఐదు గుంటలు. పండిన జొన్నతో సహా.