తాడిచెట్టు ఉన్న చోటు

ఇంద్రజ ఆటో దిగేసరికి సన్యాసి జీడితోటలో ఇసక మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చీలిపోయింది. రక్తం కారుతోంది గానీ మడుగు కట్టడం లేదు. ఉద్దానం ఇసక దేన్నీ పైన నిలవనివ్వదు, అప్పటికప్పుడే తాగేస్తుంది. పక్కనే ఆమె అన్న దుర్గాప్రసాద్, చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తితో, రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

"వొచ్చీసినావా అవార్డమ్మా?" అన్నాడు. "సూడు, నీ పుస్తకం సదువుకుని వొచ్చినాడు ఈడు. నా కంచె పీకుతాడట."

ఇంద్రజ సన్యాసి పక్కన ఇసకలో కూర్చుంది. ఆ ఉదయమే పలాసలో సన్మానం చేసి కప్పిన శాలువా సంచిలో ఉంది. తీసి సన్యాసి చేతికి చుట్టి, బలంగా బిగించింది. జరీ అంచు ఎర్రగా తడిసిపోయింది.

"నా తప్పేటీ నేదు ఇంద్రజమ్మా," అన్నాడు సన్యాసి, పళ్ళు కరుచుకుని. "నువ్వే సెప్పినావు గదా ఫోన్లో. సెట్టుని కల్పించనేదనీ."

చెప్పింది నిజమే. నెల కిందట అవార్డు అందుకుంటూ, అంత పెద్ద సభలో, "మనుషుల్ని కల్పించాను. చెట్టుని మాత్రం ఎప్పుడూ కల్పించలేదు" అంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ ముక్క ఫోన్లకెక్కి ఊరంతా తిరిగింది.

ఇంద్రజ ఈ తోటల మధ్యే పుట్టింది. తండ్రి నారాయణరావుకి సముద్రపు ఒడ్డు దాకా కొబ్బరి, జీడి ఉండేవి. ఆమె టెక్కలిలో చదువుకుని, అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతూ ఐదు నవలలు రాసింది. ఐదూ ఈ నేల మీదివే. ఏ పొద్దుకి నీడ ఎటు పడుతుందో, గాలి తిరిగితే మొగలి పొదల చప్పుడు ఎలా మారుతుందో అక్కడే నిలబడి చూసుకుంటే గాని కలం పట్టేది కాదు. ఆమె కథల్లో నేలే నాయకుడని మెచ్చుకున్నారు. అంత అందమైన నేల మీద, నాలుగు పేజీలకోసారి ఎవరో ఒకరు ఎందుకు దెబ్బలు తింటూ ఉంటారని మాత్రం ఎవరూ అడగలేదు. దెబ్బలు లేకుండా ఆమె ఈ నేలని చూసింది ఎప్పుడు గనక?

ఎనిమిదేళ్ళప్పుడు, జీడిపిక్కలు రాలే రోజుల్లో, ఆమె మొగలి పొద వెనక దాక్కుని ఉంది. నారాయణరావు తోటకీ, సన్యాసి తల్లి రత్నాలమ్మ నేల చెక్కకీ మధ్య ఒక తాడిచెట్టు హద్దు. కొమ్మ ఎవరిదైనా, పిక్క ఎవరి నేల మీద రాలితే వాళ్ళే ఏరుకోవాలని ఊరి కట్టుబాటు. రత్నాలమ్మ తన వైపు రాలినవే ఏరుకుంది. నారాయణరావు దొంగతనమన్నాడు. ఆమెని ఆ తాడిచెట్టుకే కట్టించి, పచ్చి పిక్కలు రాయితో నలగ్గొట్టి, ఆ సొన తన చేత్తోనే ఆమె ముంజేతులకి రాశాడు. చర్మం నల్లగా ఉడికి, పొక్కి, ఊడింది. అవార్డు వచ్చిన నవల ఆ తాడిచెట్టు చుట్టూ తిరుగుతుంది.

తర్వాత తిత్లీ తుఫాను వచ్చి మొత్తం తోటల్ని పడుకోబెట్టేసింది. నారాయణరావు అప్పటికే పోయాడు. పడిన తాడిచెట్టుని దుర్గాప్రసాద్ మోడుతో సహా తగలబెట్టి, పైన యంత్రంతో ఇసక చదును చేయించి, కంచె తీసుకెళ్ళి సన్యాసి చెక్క మధ్యలో వేశాడు. సర్వేయరు రెండుసార్లు వచ్చి, హద్దు రాళ్ళు దొరక్క, రెండుసార్లూ దుర్గాప్రసాద్ ఇంట్లోనే భోంచేసి వెళ్ళాడు. ఇక సన్యాసికి మిగిలిన సాక్ష్యం ఇంద్రజ నవల ఒక్కటే.

ఇంద్రజ సన్యాసిని పలాస ఆసుపత్రికి పంపి ఇంటికి వచ్చేసరికి దుర్గాప్రసాద్ అరుగు మీద కత్తి కడుక్కుంటున్నాడు.

"రేపు పెద్దలొస్తారు. ఒక్క మాట సెప్పీ. అదంతా కట్టుకథ, తాడిసెట్టూ నేదు, గీడిసెట్టూ నేదనీ."

"ఉండీది గదా అన్నియ్యా."

చెంప మీద పడిన దెబ్బకి ఆమె గోడకి తగిలింది.

"నాన్నని పుస్తకంలోకెక్కించి ఊరి నోట్లో ఎట్టినావు. అది సాల్లేదేటి నీకు? ఇప్పుడు నా బూమి కూడానా?"

"నీది కాదు గదా అది."

రెండో దెబ్బకి పెదవి చిట్లింది. దుర్గాప్రసాద్ వంగి, నెమ్మదిగా అన్నాడు. "రేపు నువ్వు ఉందన్నావనుకో, సన్యాసిగాడికి ఈసారి సెయ్యి కాదు, పీక తెగుతాది. ఆడి పేణం నీ నోట్లో ఉంది. నీ ఇట్టం."

తెల్లారాక తోటలో పెద్దలు కూడారు. కట్టుతో సన్యాసి, వాడి వెనక వాళ్ళ వీధి మగవాళ్ళు, ఒక పక్కగా రత్నాలమ్మ. కంచె దగ్గర పార మీద చెయ్యి వేసి దుర్గాప్రసాద్. మాజీ సర్పంచి యుగంధర్ ఇంద్రజ వాచిన మొహం చూసి, చూపు తిప్పుకున్నాడు.

"అమ్మా, రాసీవోళ్ళు నేనివి కూడా రాత్తారు. తప్పు నేదు. ఆ సెట్టు ఉండీదా, రాసుకున్నావా?"

ఉందంటే సన్యాసి పీక. లేదంటే సన్యాసి బతికే నేల. ఇంద్రజ సన్యాసి వైపు చూసింది. వాడు కళ్ళు దించలేదు.

ఆమె చెప్పులు విడిచి, కంచె దాటి, పడమటికి తిరిగి నిలబడింది. చెట్లు కూలాయి. ఇసక దిబ్బలు జరిగాయి. మహేంద్రగిరి మాత్రం ఉన్న చోటే ఉంది. తాడిచెట్టు దగ్గర నిలబడితే చిన్న శిఖరం పెద్ద శిఖరం వెనక్కి వెళ్ళి, రెండూ ఒకటైపోతాయి. అలాగే రాసింది కూడా. కొండ మీద నుంచి చూపు తీయకుండా పక్కకి నడిచింది. చిన్న శిఖరం పెద్దదాని చాటుకి జరిగి, జరిగి, మాయమైంది. ఆగింది.

"ఉండీది. ఇక్కడే. తవ్వండి."

దుర్గాప్రసాద్ పగలబడి నవ్వాడు. "తవ్వండి, తవ్వండి. నీల్లు పడితే తాగి ఎల్లండి."

మోకాలి లోతున పార నల్లగా పైకి వచ్చింది. చుట్టూ తీశారు. చేటంత గుండ్రంగా, ఒకటే బొగ్గు. మోడుని అలా వదిలేసి ఉంటే ఈపాటికి చెద తినేసి ఇసకలో కలిసిపోయేది. దుర్గాప్రసాద్ దాన్ని కాల్చాడు. బొగ్గుని చెద ముట్టదు.

యుగంధర్ ఒక ముక్క తీసి ఊదాడు. "పూరవం హద్దు రాయి కింద బొగ్గులేసి పాతీవోరు, ఎన్నాల్లైనా పోదనీ. మా సక్కగ నువ్వే పాతీసినావు గదరా దుర్గా!"

జనం గొల్లుమన్నారు. దుర్గాప్రసాద్ పార ఎత్తి సన్యాసి మీదికి దూకాడు. మధ్యలో ఇంద్రజ ఉంది. పార ఆమె కుడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. మళ్ళీ ఎత్తేలోపు మగవాళ్ళు మీదపడ్డారు. పిడికిళ్ళు, కాళ్ళు, కొబ్బరి మట్టలు. దుర్గాప్రసాద్ నోట్లోంచి రక్తంతో పాటు ఒక పన్ను ఇసకలో పడింది. ఈడ్చుకెళ్ళి, అతని కంచె తీగతోనే అతని కంచె స్తంభానికి కట్టేశారు. ఒకడు పచ్చి పిక్కలు రాతి మీద నలగ్గొట్టాడు.

"రత్నాలమ్మా, రాయే! నీ సేత్తో రాయి."

రత్నాలమ్మ వచ్చింది. మోచేతుల కింద ఆమె చర్మం ఇప్పటికీ కాలిన కాగితంలా ఉంది. సొన వేలికి తీసుకుని దుర్గాప్రసాద్ ముంజేతి మీద ఒక్క గీత గీసింది. అతను అరిచాడు. ఆమె వేలు ఇసకలో తుడుచుకుంది.

"సాలు. ఇప్పీసి పోలీసులకి ఒప్పచెప్పండి. ఊరంతా సూసింది గదా, ఇంక ఆడేటి సేత్తాడు."

అక్కణ్ణించి వచ్చి, భుజం పట్టుకుని కూలబడిన ఇంద్రజ పక్కన చతికిలబడింది.

"పుత్తకం మా మనవరాలు సదివి ఇనిపించింది. సెట్టు సరిగ్గానే ఎట్టినావు. నన్ను మట్టుకి అలగ ఏడిపించీసినావేటమ్మా?"

ఇంద్రజ ఆమె వైపు తిరిగింది.

"నాను ఏడవనేదు. మీ నాన్న సెయ్యి కొరికీసినాను. బొటనేలు కాడ. కండ నా నోట్లోకొచ్చీసింది."

నారాయణరావు బొటనవేలి కింద గుంటలా మచ్చ ఉండేది. కుక్క కరిచిందనేవాడు. ఆ చేత్తోనే ఇంద్రజకి పెరుగన్నం ముద్దలు పెట్టేవాడు.

ఇంద్రజ తల ఎత్తి పడమటికి చూసింది. రెండు శిఖరాలూ ఒకటై ఉన్నాయి. మొగలి పొద వెనక ఎనిమిదేళ్ళ పిల్ల, అరుపులు మొదలైన దగ్గర్నుంచీ, కళ్ళు తిప్పకుండా చూసింది రత్నాలమ్మని కాదు, ఆ కొండనే.