సున్నా చూపించిన గుల్లలు

"ఏమ్మా, ఇంకా ఎంతసేపు? మూడు లారీలు నిండి కూర్చున్నాయిక్కడ!" ఫోన్లో హత్సుతారో బాబాయి గొంతుకి చెవులు చిల్లులు పడుతున్నాయి. ముత్సు ఖాతంలో తన రేవు స్కాలప్ గుల్లల సంఘానికి ఆయనే పెద్ద.

"అరగంట బాబాయ్," అంది పరీక్షల ల్యాబులో మియోకో.

"పొద్దుట్నుంచీ ఇదే పాట! పరీక్ష చేస్తున్నావా, గుల్లలకి పెళ్లిచూపులు చేస్తున్నావా?"

నిజానికి ఫలితం వచ్చేసింది. సున్నా. నాచు తిన్న గుల్లల్లో చేరే విషాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ అణువుల బరువు తూచి పట్టేస్తుంది, దాని కళ్లు కప్పడం ఎవరి తరమూ కాదు. కిందటి వారం ఇదే రేవు గుల్లల్లో విషం హద్దు దాకా వచ్చేసింది. వారానికే సున్నానా? అంత మంచి సముద్రం ఎక్కడుందమ్మా! తను సంతకం పెడితే ఆ లారీలు టోక్యో చేరతాయి, తిన్నవాళ్లకి ఊపిరి ఆగిపోవచ్చు. పెట్టకపోతే బాబాయి రేవుకి ఈ ఏడాది కష్టమంతా మట్టిపాలు.

తెలిసిన మోతాదులో విషం కలిపిన సీసాని మళ్లీ ఎక్కించి చూసింది. తెర మీద గీత నిటారుగా లేచింది. యంత్రం తప్పేం లేదు. ఫ్రిజ్ తెరిచి, పొద్దున తను రుబ్బిన గుల్లల ముద్ద బయటికి తీసింది. మీగడలా తెల్లగా ఉంది. ఎప్పుడూ బురదరంగులో ఉండే ముద్ద!

విషమంతా ఉండేది గుల్ల కడుపులోని నల్ల తిత్తిలోనే. ఈసారి పరీక్షకి గుల్లలు తిత్తుల్లేకుండా ఒలిచి, మంచు మీద ముచ్చటగా పేర్చి వచ్చాయి. పని తప్పిందని సంబరపడి, చూసీ చూడకుండా మిక్సీలో పడేసింది తనే. ఛీ, బుద్ధి గడ్డి తింది.

బాబాయి ఇంటికి ఫోన్ చేసింది. "తోమే పిన్నీ, గుల్లలు నువ్వే సర్దావా?"

"నేనే. మీ బాబాయి నడుం నొప్పంటే శుభ్రంగా కడిగి మరీ పంపా. చదువుకున్నోళ్లుండే చోటికి పేగులతో సహా పంపుతామా? మన పరువేం కాను?"

"ఆ తిత్తులేం చేశావ్?"

"పారేస్తామా ఏంటి? సోయా సాసు, అల్లం వేసి ఉడకబెట్టా. ఆయనకదంటే ప్రాణం. డబ్బాలో పెట్టిచ్చా."

"ఉడికిస్తే విషం పోదు పిన్నీ!"

జవాబు కోసం ఆగలేదు. బాబాయికి కలిపింది. "బాబాయ్, డబ్బా తిన్నావా?"

"తిన్నా. నీ అరగంటలు లెక్కపెడుతూ ఖాళీ చేశా. ఏంటోనే, పెదాలు మొద్దుబారినట్టున్నాయి..." నాలుక తడబడింది. అంతలోనే, ఫోన్ పక్కకి తిప్పి కాబోలు, ఆయన అరిచాడు. "ఇంజన్లు ఆపండ్రా! ఒక్క గుల్ల కదిలిందో..." మిగతా మాట ముద్దైపోయింది.

రెండో ఫోన్లో అంబులెన్సుకి నంబరు నొక్కుతూ మియోకో భోరుమంది. "బాబాయ్, మాట్లాడుతూనే ఉండు! తిట్టు నన్ను, ఏదో ఒకటి తిట్టు!"