కండక్టరు ఊపిరి

డ్రైవరు చనిపోయిన రోజు నుంచి కండక్టరు విజిల్ ఊదలేకపోతున్నాడు. ఆ ఉదయం డ్రైవరు డ్యూటీకి ఆలస్యమైతే, అతను ఎప్పటిలాగే బస్సు మెట్టు మీద నిలబడి వేళాకోళంగా విజిల్ ఊదుతూ పిలిచాడు. డిపో గోడ వెనకే డ్రైవరు ఇల్లు. బుగ్గలు నొప్పిపుట్టేదాకా ఊదాడు. చివరికి వాచ్‌మన్ పరుగున వచ్చి అతని నోట్లోంచి విజిల్ తీసేసి, కబురు చెప్పాడు.

ఇప్పుడు విజిల్ పెదవుల దగ్గరికి రాగానే ఛాతీ బిగుసుకుపోతుంది. అరచేతులు చెమరుస్తాయి. గుండె బాగానే ఉందనీ, కుదుటపడాల్సింది మనసేననీ చెప్పి, డాక్టరు యోగా చెయ్యమన్నాడు. డ్రైవరును బావా అనీ, అతని భార్యను అక్కా అనీ పిలిచే అలవాటు. ఆ అక్క గడప మాత్రం, శవాన్ని సాగనంపిన తర్వాత అతను తొక్కలేదు. చనిపోయిన మనిషిని తొందరపెడుతూ ఊదినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకుంటాడు.

పొద్దున్నే డిపోలోని పాత టైర్ల గదిలో దుప్పటి పరుచుకుని, వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడటానికి అవస్థపడుతున్నాడు. పొట్టి మనిషి. టికెట్ల సంచీ మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. ఏళ్ల తరబడి ఊగే బస్సులో నిలబడిన కాళ్లు కదలని నేలను నమ్మవు. పాదం ఎత్తగానే చెయ్యి దానంతటదే పైకి లేచి, గాలిలో దేన్నో పట్టుకోబోయింది.

"పైన కడ్డీ లేదండీ కండక్టరు గారూ," అంది సిస్టరమ్మ. డిపో ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. రోజూ ఆవిడే వచ్చి గది ఊడ్చి, యోగా నేర్పి వెళుతుంది.

"నేల ఊగట్లేదు సిస్టరమ్మా. అందుకే పడిపోతున్నా."

పక్కనే ఆసనాలు వేస్తున్న డిపో మెకానిక్కులు పకపకా నవ్వారు. ఒక్కడైతే ఆసనం వదిలేసి కూలబడ్డాడు.

తర్వాత భ్రామరి. అందరూ కళ్లు మూసుకుని, తుమ్మెదల్లా ఝుమ్మంటున్నారు. కండక్టరు ఊపిరి మాత్రం రెండు ముక్కలుగా బయటికొచ్చింది.

"అలా రెండుసార్లు విజిల్ కొడితే బస్సు కదిలిపోతుంది," అంది సిస్టరమ్మ. "ఇక్కడ ఎక్కేవాళ్లూ లేరు, దిగేవాళ్లూ లేరు. ఎంత పొడుగొస్తే అంతే వదలండి."

అతను మళ్లీ మొదలుపెట్టాడు. నాదం సగంలో తెగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ చూసి కూడా చూడనట్టే వెళ్లి కిటికీ తెరిచింది.

బస్సులో ఆ రోజు నిలబడటానికి కూడా చోటు లేదు. విజిల్‌కు బదులు అతను బస్సు రేకును అరచేత్తో చరుస్తున్నాడు. రెండు దెబ్బలంటే పోనిమ్మని. మార్కెట్ దగ్గర ఒక ముసలామె దిగుతూ ఉంది. బయటి నుంచి ఎవరో చుట్టాన్ని పిలుస్తూ రేకును రెండుసార్లు బాదారు. కొత్త డ్రైవరు బండి కదిలించాడు.

"ఆపు! ఆపూ!"

బస్సు కుదుపుతో ఆగింది. ముసలామె తలుపు పట్టుకుని వేలాడి, నిలదొక్కుకుంది. దిగాక, పైనుంచి కింది దాకా అతన్ని చూసింది.

"విజిలేదయ్యా? మింగేశావా?"

అతను జేబు తడుముకున్నాడు. ఛాతీ బిగుసుకుంది. తన సీట్లో కూలబడి, కళ్లు మూసుకుని ఝుమ్మన్నాడు.

"బస్సులో తుమ్మెద దూరినట్టుందే," అన్నారెవరో.

నాదం మధ్యలో వణికింది కానీ తెగలేదు. మళ్లీ ఒకసారి. ఈసారి భుజాలు దిగాయి. లేచి, ఫుట్‌బోర్డు వైపు చూసి, జేబులోంచి విజిల్ తీసి రెండుసార్లు ఊదాడు.

కొత్త డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "అన్నా, నీకూ విజిలుందా! ఇన్నాళ్లూ ఏ ఇనప్పెట్టెలో దాచావు?"

డ్యూటీ దిగి అతను ఇంటికి వెళ్లలేదు. డిపో గోడ చుట్టూ తిరిగి అక్క తలుపు తట్టాడు. ఆమె చిక్కిపోయింది. జుట్టు దువ్వుకున్నట్టు లేదు.

"ఇప్పటికి గుర్తొచ్చిందా తమ్ముడూ ఈ దారి?"

అతను చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. "ఆ రోజు బావ కోసం ఊదుతూనే ఉన్నానక్కా. నాకు తెలీదు."

"విన్నాంలే."

అతను తలెత్తాడు.

"'అదిగో, మీ తమ్ముడు కూస్తున్నాడు. తొందరగా కానియ్, లేకపోతే బస్సుని ఇంట్లోకే తోలుకొస్తాడు' అన్నాడు మీ బావ. నవ్వుకుంటూనే కుర్చీలో వెనక్కి వాలాడు. నవ్వుతున్నాడనే అనుకున్నాను నేను, చాలాసేపు."

కండక్టరు లోపలికొచ్చి గోడవారగా కూర్చున్నాడు.

"నిద్ర పడుతోందా అక్కా?"

"నిద్రా? దాని మొహం చూసి ఎన్నాళ్లయిందో."

"పొద్దున్న టైర్ల గదికి రా. సిస్టరమ్మ నేర్పుతుంది."

"ఈ వయసులో నేను ఒంటికాలి మీద నిలబడాలా?"

"నాకు మాత్రం వచ్చేడిసిందా? పక్కపక్కన పడదాం."

ఆమె నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

కిటికీ కింద బల్ల మీద డ్రైవరు ఖాకీ చొక్కా ఆ పొద్దున పరిచినట్టే ఇంకా ఉంది. ఒక చేతికి ఇస్త్రీ అయింది. రెండో చేతికి కాలేదు.