పెద్దమ్మ కుట్టిన కళ్ళు

దారం మూడోసారికి గానీ సూదిలోకి ఎక్కలేదు. "నా ఆఖరి రోజని నీకూ తెలిసిపోయిందే!" అని సూదిని కసిరి, ఆయా కుట్టుపని మొదలుపెట్టింది. పసిపిల్లల వార్డులో డాక్టర్లతో సహా అందరికీ ఆమె పెద్దమ్మే. కామెర్లు వచ్చిన పిల్లలను నీలి దీపాల కింద పడుకోబెట్టేటప్పుడు కళ్ళకు కట్టే గంతలు ఆమే కుడుతుంది. లోపల నల్లగుడ్డ, పైన మెత్తటి తెల్ల నూలు, ఆ తెలుపు మీద నల్లదారంతో మూసిన కళ్ళు రెండు, రెప్పవెంట్రుకలతో సహా. ఉత్త గంతలు చూసి తల్లులు బావురుమంటున్నారని ఆమె పన్నిన ఉపాయమది. ఈ సాయంత్రంతో ఆమె ఉద్యోగం సరి.

కిటికీ పక్కన ఒక తల్లి బిగుసుకుని కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ ఆమె పాప దీపం కిందే ఉంది. పాలు కూడా గొట్టంతోనే. తల్లి రక్తంలో రోగాల నుంచి కాపాడాల్సిన యాంటీబాడీలు కడుపులో ఉండగానే బిడ్డలోకి చేరి, ఎర్రకణాలను విరగ్గొట్టేస్తున్నాయి. ముందు పుట్టిన బిడ్డ ఇలాగే దక్కలేదు. మధ్యాహ్నం పరీక్షలో పచ్చకామెర్లు పెరిగినట్టు తేలితే పాపకు రక్తం మార్చాలి. తగ్గితే తల్లి ఒడికి ఇస్తారు.

"నా రక్తమే దీన్ని తినేస్తోంది పెద్దమ్మా."

"చాల్లే ఊరుకో! నీ ఒంట్లో కాపలావాళ్ళు మరీ చాదస్తులు. ఇంటిపిల్లనే దొంగనుకున్నారు. దానికి నువ్వేం చేస్తావ్ తల్లీ?"

తల్లి నవ్వబోయి ఆగింది. పెద్దమ్మ తుడిచిన నేలే మళ్ళీ తుడిచింది. ఆ పరీక్ష కబురు వినకుండా గుమ్మం దాటడం ఆమె వల్ల కాదు.

డాక్టరమ్మ దాదాపు పరుగున వచ్చింది. "తగ్గింది! బాగా తగ్గింది. రేపు మళ్ళీ చూద్దాం గానీ, ఇప్పటికి దీపం ఆపేయండి."

స్విచ్చి పెద్దమ్మే నొక్కింది. గంత విప్పి, పాపను ఒడిలో పెట్టింది. పాప మొహం చిట్లించి, ముందు ఒకే ఒక్క కన్ను తెరిచి, తల్లిని ఎగాదిగా చూసింది.

"అమ్మో, నాకే కన్ను కొడుతోంది!" తల్లి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పెద్దమ్మకు కడుపు నిండిపోయింది.

సాయంత్రం అందరూ మిఠాయి తెచ్చి వెతికితే, ఆమె మూల స్టూలు మీద కూర్చుని ఏదో కుట్టు విప్పి మళ్ళీ కుడుతోంది.

"ఇంకా పనేంటి పెద్దమ్మా?"

"ఐపోయిందమ్మా." దారం పంటితో తెంపింది. మిఠాయి నోట్లో వేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుని, పాప బుగ్గ ఒకసారి తడిమి మెట్లు దిగిపోయింది.

ఆర్పేసిన నీలి దీపం కొక్కేనికి పాప గంత వేలాడుతోంది, ఒక కన్ను మూసుకుని, ఒక కన్ను తెరుచుకుని.